మోడల్ రైలు లేఅవుట్‌కి తలుపు దగ్గర లేపే బ్రిడ్జి ఎట్టా కట్టుకోవాలి

రూములో గోడల వెంబడి టేబుల్ వేసి రైలు తిప్పాలనుకున్న ప్రతి ఒక్కరికీ తలుపు దగ్గరే పేచీ వస్తుంది. ట్రాక్ పూర్తి రౌండు కొట్టాలంటే తలుపుకి అడ్డంగా పోవాల్సిందే, అట్టా పోతే మనిషి లోపలికి రావాలంటే కింద దూరి రావాలి, వయసులో ఉన్నప్పుడు దూరడం వేరు నలభై దాటినాక మోకాళ్లు పట్టుకొని దూరడం వేరు, పైగా మేడ మీద రూము అయితే ఇంట్లోవాళ్లు బట్టలు ఆరేయడానికో వడియాలు ఎండబెట్టడానికో అటే పోవాలి, మన రైలు కోసం వాళ్లు నడుం వంచరు గదా. అందుకని ఆ ముక్క వరకు లేపి దించుకునేట్టు బ్రిడ్జి పెట్టుకోవాలి. ఈడ చెప్పేదంతా హెచ్‌ఓ స్కేలుకి, అంటే 1:87, అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 ఎంఎం. ఇంకా చిన్నదైన ఎన్ స్కేలు వాళ్లు బండికి సంబంధించిన కొలతలు దాదాపు సగం చేసుకోండి, పద్ధతి అదే.

ముందు ఏ రకం కావాలో తేల్చుకోండి. మొత్తంగా ఊడదీసి పక్కన పెట్టేది ఒకటి, కిందికి వాలేది ఒకటి, పైకి లేచేది ఒకటి. ఊడదీసేది కట్టడం తేలిక, కానీ తీసినాక దాన్ని యాడ పెడతారు, మంచం మీద పెడితే ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు, నెలలో ఒకసారి తిప్పేవాళ్లకి మాత్రం అదే మేలు. కిందికి వాలేదానికి బ్రిడ్జి పొడవు టేబుల్ ఎత్తు కంటే తక్కువ ఉండాలి, వాలినప్పుడు అలంకారమంతా కాళ్లకి తగుల్తుంది. రోజూ తీసి వేసే చోట పైకి లేచేదే నా ఓటు. రామేశ్వరం పోయే పాంబన్ రైలు బ్రిడ్జి మాదిరి కట్టాలని కొందరికి సరదా ఉంటుంది, కానీ 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్త పాంబన్‌లో 72.5 మీటర్ల స్పాన్, అంటే రెండు స్తంభాల మధ్య ముక్క, మొత్తం లిఫ్టు మాదిరి నిట్టనిలువుగా పైకి పోతుంది, మన ఇంట్లో అట్టా పెడితే మనిషి కింద నుంచి పోవడానికి దాన్ని ఆరడుగుల ఎత్తుకి లేపాలి, రెండు పక్కలా స్తంభాలు, బరువులు, తాళ్లు, అదంతా వేరే ప్రాజెక్టు. 1914 నాటి పాత పాంబన్‌లో రెండు రెక్కలు చెరో వైపు లేచేవి, మనది దాంట్లో ఒక రెక్క అనుకోండి, అది కూడా దొర్లకుండా మామూలు మడతబందు మీద తిరిగేది.

పొడవు ఎంత పెట్టాలి? మనిషి పక్కకి తిరక్కుండా పోవడానికి రెండడుగులు చాలు. నేను 70 సెంటీమీటర్లు పెట్టుకోమంటాను, దానికి ఇంకో కారణం కూడా ఉంది. మన రైల్వేలో జాలీ మాదిరి కమ్మీలుండే ఓపెన్ వెబ్ గర్డర్లకి 30.5, 45.7, 61, 76.2 మీటర్లు అని స్టాండర్డ్ స్పాన్లు ఉంటాయి, 61 మీటర్లని 87తో భాగిస్తే సరిగ్గా 70 సెంటీమీటర్లు వస్తుంది, కాబట్టి పైన ట్రస్, అంటే ఆ జాలీ చట్రం, పెట్టుకున్నా కొలత అబద్ధం కాదు. జాలీ లేకుండా నిండు రేకుతో ఉండే ప్లేట్ గర్డర్ ఇష్టమైతే 18.3 మీటర్ల స్పాన్ హెచ్‌ఓలో 21 సెంటీమీటర్లు, అవి మూడు వరసగా వేస్తే 63 అవుతుంది. అంతకంటే పొడుగు పోవద్దు, పోయేకొద్దీ బరువు, ఊగుడు, వంపు అన్నీ పెరుగుతాయి.

ఇంకొక్క మాట, బ్రిడ్జి వచ్చే చోట ట్రాక్ తిన్నగా ఉండాలి. వంపులో పట్టా కోస్తే కోసిన చోట బండి బయటికి తంతుంది. మన పాత రకం ఐసీఎఫ్ కోచ్ 21.3 మీటర్లు, కొత్త రకం ఎల్‌హెచ్‌బీ 23.5 మీటర్లు, అంటే హెచ్‌ఓలో 24.5 నుంచి 27 సెంటీమీటర్లు, బ్రిడ్జికి రెండు పక్కలా కనీసం ఒక కోచ్ పొడవైనా తిన్నటి ట్రాక్ ఉంచండి.

సామాన్ల విషయం. నెల్లూరులో స్టోన్‌హౌస్‌పేట వైపు, ఒంగోలు వాళ్లకి బజార్లో, ఏ ప్లైవుడ్ షాపులోనైనా 12 ఎంఎం ప్లై దొరుకుతుంది, కానీ షాపువాడు కమర్షియల్ ప్లై అంటగడతాడు, అది ఐఎస్ 303. మీరు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి, పెద్ద షీటు అక్కర్లేదు, కోసిన ముక్కలు మూల పడేసుంటారు, బేరం ఆడితే ఇస్తారు. మనది సముద్రం పక్క జిల్లా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ముసురు పట్టిందంటే బీరువా తలుపులే బిగుసుకుపోతాయి, ఇంక మిల్లీమీటర్ల లెక్కలో ఉండే మన జాయింటు సంగతి చెప్పేదేముంది. బ్రిడ్జికి కింద అటూ ఇటూ అల్యూమినియం సెక్షన్ వేస్తే వంపు రాదు, కిటికీలు చేసే షాపులో ఒకటిన్నర అంగుళం డబ్బా సెక్షన్ ముక్కలు దొరుకుతాయి. మిగతావి రెండు మంచి మడతబందులు, ఒక ఇత్తడి టవర్ బోల్ట్ (గడియ), ఇత్తడి స్క్రూలు, 6 ఎంఎం బోల్టులు నట్లు, ఒక మైక్రో స్విచ్ (ఏదైనా ఆని నొక్కితే పనిచేసే చిన్న స్విచ్), మల్టీ స్ట్రాండ్ వైరు.

బందులు కొనేటప్పుడు సిగ్గు పడకుండా కౌంటర్ మీదే పరీక్ష చేయండి. ఒక రెక్క వేళ్లతో బిగించి పట్టుకొని రెండో రెక్కని పక్కకి, పొడవుగా కదిలించి చూడండి, టకటక ఆడితే వద్దనండి. బందు దగ్గర అర మిల్లీమీటర్ ఆట ఉందంటే 70 సెంటీమీటర్ల అవతల కొస దగ్గర అది ఎన్నో రెట్లు అవుతుంది. స్టీలుదైనా ఇత్తడిదైనా పర్లేదు, బిగువు ముఖ్యం.

ఇంక పని. మొదట రెండు పక్కల టేబుళ్లని కదలకుండా చేయాలి, చానామంది దీన్ని వదిలేసి నేరుగా బ్రిడ్జి మీద పడతారు. బ్రిడ్జి ఎంత బాగా చేసినా అది కూర్చునే రెండు కొసలు విడివిడిగా ఊగుతుంటే లాభం లేదు. రెండు కొసల్నీ గోడకి ఎల్ క్లాంపులతో బిగించండి, ఆ పైన కింద నేల దగ్గర గడప మాదిరి ఒక చెక్క అడ్డంగా వేసి రెండు కాళ్లనీ కలపండి, కాలికి తగలకుండా అంగుళం మందం చాలు. తర్వాత రసమట్టం పెట్టి రెండు కొసలూ ఒకే లెవెల్‌లో ఉన్నాయా చూసి, లేకపోతే ఇప్పుడే కాళ్ల కింద సరిచేసుకోండి.

బ్రిడ్జి చెక్క 12 సెంటీమీటర్ల వెడల్పు, 70 పొడవు. మూలమట్టం పెట్టి రెండు కొసలూ నిక్కచ్చిగా కోయించండి, చేతి రంపంతో కంటే కార్పెంటర్ మెషీన్ మీద కోస్తే ఐదు నిమిషాల పని. కింద రెండు అల్యూమినియం సెక్షన్లు అరాల్డైట్ పెట్టి, స్క్రూలు కూడా వేసి, తిన్నటి రాయి మీద బోర్లించి బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. ఈ పనికి మన చీమకుర్తి గ్రానైట్ ముక్కని మించింది లేదు, పాలిష్ చేసిన గెలాక్సీ ముక్క ఎవరింటి కట్టడం దగ్గరైనా మిగిలిపోయి ఉంటుంది, అడిగితే ఇచ్చేస్తారు, ఒకటి కింద పరిచి ఇంకోటి పైన పెడితే ప్లై ఎటూ వంగదు.

ఇప్పుడు అసలు కిటుకు, బందు యాడ పెట్టాలి అనేది. మామూలుగా ఎవరైనా ఏం చేస్తారంటే చెక్క కింద బందు కొట్టేస్తారు, పెట్టె మూతకి కొట్టినట్టు. అట్టా కొడితే బ్రిడ్జి లేవదు, ఎందుకంటే తిరిగే పిన్ను పట్టాల కంటే కింద ఉంటే, లేపేటప్పుడు బ్రిడ్జి మీది పట్టా కొస వెనక్కి జరిగి పక్క పట్టాని గుద్దుతుంది, గట్టిగా లాగితే సోల్డర్ ఊడుతుంది. పిన్ను పట్టా తల కంటే పైన ఉంటే లేపేటప్పుడు పట్టా కొస అవతలికి, అంటే జాయింటు నుంచి దూరంగా జరుగుతుంది, ఎక్కడా రాసుకోదు. కిందికి వాలే బ్రిడ్జికి దీనికి రివర్స్, దానికి పిన్ను కిందే ఉండాలి. ఈ ఒక్కటి సరిగ్గా పడితే మిగతా పొరపాట్లన్నీ సర్దుకోవచ్చు.

అందుకని బందు వైపు ట్రాక్‌కి రెండు పక్కలా చెక్క దిమ్మెలు కావాలి, టేబుల్ మీద రెండు, బ్రిడ్జి మీద రెండు, ఎదురెదురుగా. వాటి ఎత్తు ఎంతంటే, పైన బందు పరిచినాక పిన్ను మధ్య భాగం పట్టా తల కంటే 15 నుంచి 20 ఎంఎం పైన రావాలి. బందుని స్క్రూ తలలు పైకి కనపడేట్టు బల్లపరుపుగా దిమ్మెల మీద పరచాలి, పిన్ను సరిగ్గా జాయింటు గీత మీద, లేదంటే ఒకటి రెండు ఎంఎం టేబుల్ వైపుకి ఉండాలి, బ్రిడ్జి వైపుకి మాత్రం పోకూడదు. దిమ్మెల మధ్య చోటు కూడా చూసుకోండి, మన కోచ్ వెడల్పు 3.25 మీటర్లంటే హెచ్‌ఓలో 37 ఎంఎం, ట్రాక్ మధ్య నుంచి ఒక్కో పక్క 30 ఎంఎం వదిలితే ఏ బండైనా రాసుకోకుండా పోతుంది. ఈ దిమ్మెలు చూడ్డానికి బాగుండవు అనుకుంటారేమో, వాటి మీద అట్టతో గ్యాంగ్‌మెన్ గుడిసె ఒకటి, రాతి గోడ ఒకటి పెడితే ఎవరికీ తెలీదు.

రెండు బందుల పిన్నులూ ఒకే గీతలో ఉండాలి, లేకపోతే బిగుసుకుంటుంది. పిన్నుల మీదుగా అటు నుంచి ఇటు ఒక కడ్డీ వేసేదానికి లేదు, మధ్యలో రైలు పోవాలి గదా. కాబట్టి బిగించేటప్పుడు మాత్రం ఒక తిన్నటి అల్యూమినియం పట్టీని రెండు బందుల గొట్టాలకీ ఆనించి క్లాంపు వేసుకోండి, ఒక్కో బందుకి ముందు ఒక్కో స్క్రూ మాత్రం వేసి, లేపి దించి చూసి, సాఫీగా తిరిగితే మిగతావి వేసేయండి.

అవతల కొస, అంటే వాలే కొస, ఇంకో రకం లెక్క. పిన్ను పైన ఉండటం వల్ల లేపడం మొదలెట్టగానే ఈ కొస ముందు కాస్త అవతలికి జరిగి అప్పుడు పైకి లేస్తుంది, చూడ్డానికి కనపడదు గానీ చెక్క గుద్దుకుంటుంది. ఎంత జరుగుతుందో లెక్క కట్టుకోవచ్చు. ఏ చోటైతే పిన్ను కంటే ఎన్ని ఎంఎం కింద ఉందో ఆ అంకెని దాంతోనే గుణించి, బ్రిడ్జి పొడవుకి రెట్టింపుతో భాగించండి. పిన్ను 18 ఎంఎం పైనుంటే పట్టా తల దగ్గర 324ని 1400తో భాగిస్తే పావు ఎంఎం కంటే తక్కువ, అంటే పట్టాల మధ్య అర ఎంఎం సందు ఉంటే చాలు. అదే అల్యూమినియం సెక్షన్ అడుగు పిన్నుకి 60 ఎంఎం కింద ఉంటే 3600ని 1400తో భాగించాలి, రెండున్నర ఎంఎం దాటుతుంది. కాబట్టి ఆ కొస అడుగు భాగాన్ని నాలుగు ఎంఎం లోపలికి ఏటవాలుగా కోసేయండి, చెక్కని చిత్రికతో, సెక్షన్‌ని ఆకురాయితో.

వాలే కొసకి కూర్చునే చోటు సర్దుబాటుకి వీలుగా ఉండాలి. టేబుల్ కొస కింద ఒక గట్టి చెక్క నాలుక మాదిరి బయటికి పెట్టి, దాంట్లో రెండు 6 ఎంఎం బోల్టులు నిలువుగా నట్లతో బిగించండి, బ్రిడ్జి ఆ బోల్టు తలల మీద కూర్చుంటుంది, చెక్క నలగకుండా ఆ చోట్లో రెండు స్టీలు వాషర్లు అరాల్డైట్‌తో అంటించండి. ఒక కొస ఎత్తైనా పల్లమైనా స్పానర్‌తో పావు తిప్పు తిప్పితే సరిపోతుంది. పక్కలకి జరక్కుండా అటూ ఇటూ అల్యూమినియం యాంగిల్ ముక్కలు, పైకి కొంచెం విప్పారినట్టు, బ్రిడ్జి దిగేటప్పుడు అవే దాన్ని మధ్యలోకి తెస్తాయి. యాంగిల్ స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాకుండా ఆకురాయితో పొడుగ్గా చేయండి, తర్వాత జరుపుకోవాలన్నా వీలుంటుంది. ఆఖర్న టవర్ బోల్ట్, అది పడిందంటే బ్రిడ్జి దిగినట్టు.

ట్రాక్ వేయడంలో ఒకటే సూత్రం, ముందు వేసి తర్వాత కోయాలి. విడివిడిగా మూడు ముక్కలు వేసి కలపాలని చూస్తే ఎప్పటికీ కలవవు. పెకో కంపెనీ ఫ్లెక్సీ ట్రాక్ (కావాల్సినట్టు వంచుకునే పొడుగు ట్రాక్) ఒక్కోటి 914 ఎంఎం, బ్రిడ్జి దించి టవర్ బోల్ట్ వేసి, ఒకే ముక్కని బ్రిడ్జి దాటి రెండు పక్కలా పది సెంటీమీటర్లు వచ్చేట్టు పరచండి. జాయింట్ల దగ్గర, గీతకి అటొకటి ఇటొకటి చొప్పున, ప్రతి పట్టా కింద ఇత్తడి స్క్రూ దిగ్గొట్టండి, ఆ చోట ప్లాస్టిక్ స్లీపర్లు ముందే కోసి తీసేయాలి. స్క్రూ తల పట్టా అడుగుకి సరిగ్గా ఆనేదాకా స్క్రూడ్రైవర్‌తో సర్ది, తలని ఎమెరీతో రుద్ది మెరిసేట్టు చేసి, 60 వాట్ల ఐరన్ పెట్టి సోల్డర్ పట్టించండి. పక్క స్లీపర్లు కరక్కుండా తడి గుడ్డ ముక్కలు చెరో వైపు పట్టా మీద వేసుకోండి. సోల్డర్ అంటడానికి రేకుల పనిలో పూసే యాసిడ్ ఫ్లక్స్ వద్దు, నెల తిరిగేసరికి ఆకుపచ్చ చిలుం పడుతుంది.

రెండు జాయింట్లలో ఎనిమిది చోట్లా పట్టాలు గట్టిగా పట్టుకున్నాయని వేలితో కదిపి చూసినాక, బోల్ట్ వేసే ఉంచి, కటింగ్ డిస్క్‌తోనో సన్న రంపంతోనో జాయింటు గీత మీద పట్టాలు కోయండి. డిస్క్ అయితే కళ్లద్దాలు పెట్టుకోకుండా ముట్టుకోవద్దు, అది విరిగిందంటే ముక్క నేరుగా మొహం మీదికే వస్తుంది. కోసినాక పట్టా లోపలి అంచుల్ని సన్న ఆకురాయితో ఒక్కసారి రాయండి, చక్రం అంచు తట్టుకోకుండా.

ఏ కాలంలో కోస్తున్నారో కూడా చూసుకోండి. రోహిణి ఎండలకి రోళ్లు పగుల్తాయంటారు, మేడ మీద రేకుల రూములో మన పట్టాలు సాగవా మరి. నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల తేడాకి మీటరుకి మూడో వంతు ఎంఎం దాకా సాగుతుంది, మూడు మీటర్ల పొడవు తిన్నటి ట్రాక్ ఉంటే ఒక ఎంఎం, అంటే మన సందు మొత్తం మూసుకుపోతుంది. దానికి మందు ఏందంటే, బ్రిడ్జికి కోచ్ పొడవు అవతల పట్టాల్ని కలిపే మామూలు జాయినర్ల దగ్గర కొంచెం కొంచెం సందు వదిలి, అక్కడ సోల్డర్ చేయకుండా ఉంచడం, సాగేది అక్కడ సాగుతుంది, బ్రిడ్జి జాయింటు దాకా రాదు. ప్లైకి అన్ని వైపులా, కోసిన అంచులతో సహా రెండు కోట్లు వార్నిష్ కొట్టండి, ముసురులో తేమ ముందు అంచుల్లోంచే ఎక్కుతుంది.

కరెంటు సంగతి. బ్రిడ్జి లేచి ఉన్నప్పుడు బండి వస్తే ఏమవుతుంది? బందు వైపు నుంచి వస్తే లేచిన బ్రిడ్జే గోడ మాదిరి అడ్డం నిలబడుతుంది, ఇంజిన్ ముక్కుకి దెబ్బ తగుల్తుందేమో గానీ పడదు. వాలే వైపు నుంచి వస్తే మాత్రం తిన్నగా మూడున్నర అడుగుల కింద గచ్చు మీద పడుతుంది. గుర్తు పెట్టుకొని ఆపుతాంలే అనే మాట నమ్మకండి, మాటల్లో పడితే ఎవరికీ గుర్తుండదు. రెండు పక్కలా ఒక మీటరు దాకా ట్రాక్‌లో ఒక పట్టాకి ప్లాస్టిక్ జాయినర్ వేసి విడదీయండి, ఆ రెండు ముక్కలకీ బ్రిడ్జికీ కరెంటు ఒకే మైక్రో స్విచ్ ద్వారా పోవాలి. స్విచ్‌కి మూడు కాళ్లుంటాయి, కామన్, ఎన్‌ఓ (నొక్కితే కామన్‌తో కలిసేది), ఎన్‌సీ (నొక్కితే విడిపోయేది). కామన్‌నీ ఎన్‌ఓనీ వాడండి, అప్పుడు బ్రిడ్జి పూర్తిగా దిగి స్విచ్ నొక్కితేనే కరెంటు వస్తుంది, వైరు తెగినా బండి ఆగుతుంది గానీ పోదు. స్విచ్ వాలే కొస దగ్గరే పెట్టాలి, ఇంకా మంచిది టవర్ బోల్ట్ మొన దూరే చోట పెట్టడం, బోల్ట్ పడితే తప్ప స్విచ్ నొక్కుకోదు. డీసీసీ, అంటే డిజిటల్ కంట్రోల్ వాడేవాళ్లు, ఇంజిన్‌లో కాసేపు కరెంటు దాచుకునే కీప్ అలైవ్ కెపాసిటర్ ఉంటే కరెంటు పోయినాక కూడా అది కొంచెం దూరం పోతుంది, మీ ఇంజిన్ ఫుల్ స్పీడులో ఎంత దూరం పోయి ఆగుతుందో బ్రిడ్జి దించి ఉన్నప్పుడే కొలిచి, దాని కంటే ఎక్కువ పొడవు విడదీయండి.

బ్రిడ్జి మీదికి వైరు బందు వైపు నుంచే పోవాలి, వాలే వైపు నుంచి వేలాడదీస్తే ఎవరి చేతికో తగులుకుంటుంది. ఒంటి తీగ వైరు పదే పదే వంగితే లోపల తెగుతుంది, సన్న తీగలు కలిపి చేసిన మల్టీ స్ట్రాండ్ 0.75 చదరపు ఎంఎం వైరు కింద వదులుగా ఒక చుట్టు ఉంచి బిగించండి.

లేపినప్పుడు అది వెనక్కి మరీ వాలకుండా, ముందుకి పడకుండా గోడకి ఒక కొక్కెం పెట్టాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో కొక్కెం పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టండి, బ్రిడ్జి పెద్ద బరువుండదు గానీ వేళ్లు నలగడానికి అది చాలు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే లేచిన బ్రిడ్జికి తలుపు రెక్క తగలకుండా ఉందా అనేది బందు ఏ పక్క పెట్టాలో తేల్చుకునే రోజే చూసుకోవాలి.

పరీక్షకి ఇంజిన్‌తో మొదలెట్టొద్దు. తేలికపాటి వ్యాగన్లు నాలుగు తగిలించి వెనక్కి నెమ్మదిగా తోయండి, వెనక్కి తోసినప్పుడు దాటింది ముందుకి లాగినప్పుడు మామూలుగా దాటుతుంది. ఏదైనా చక్రం ఎగిరితే వేలి గోరు పట్టా మీద జాయింటు దాటించి చూడండి, కంటికి కనపడని మెట్టు గోరుకి తెలుస్తుంది, మెట్టు ఉంటే కింది 6 ఎంఎం బోల్టు తిప్పండి, పక్కకి ఉంటే యాంగిల్ జరపండి. వరసగా లేపి దించి, ప్రతిసారీ అదే చోట కూర్చుంటుందా చూసి, అప్పుడు ఇంజిన్ పెట్టండి.

అలంకారం ఆఖరికి. బ్రిడ్జికి అలంకారం చేసేవాళ్లు నెల్లూరు దగ్గర పెన్నా మీదో, ఒంగోలు దాటినాక గుండ్లకమ్మ మీదో రైల్లో పోతూ ఒకసారి కిటికీ దగ్గర కూర్చొని చూడండి, రంగు, తుప్పు, గర్డర్ పక్కన మనుషులు నిలబడే చిన్న అరుగులు, ఇవన్నీ ఫోటోల్లో కంటే అట్టా చూస్తేనే పట్టుకుంటాం. ట్రస్ అట్టతోనో సన్న ప్లాస్టిక్ షీటుతోనో చేసి బ్రిడ్జి చెక్కకి మాత్రమే అంటించాలి, టేబుల్ వైపు ఒక్క పుల్ల కూడా తగలకూడదు. బందు వైపు ట్రస్ దిమ్మెలకి తగలకుండా ఒక సెంటీమీటర్ వెనక్కి మొదలెట్టండి. కింద స్తంభాలు పెట్టేదానికి లేదు కాబట్టి రెండు కొసల దగ్గర రాతి కట్టడం బలంగా కనపడేట్టు చేస్తే కంటికి సరిపోతుంది.

బందులకి ఆరు నెలలకోసారి కుట్టుమిషన్ ఆయిల్ ఒక్కో చుక్క వేయండి, పట్టా మీద పడితే మాత్రం వెంటనే స్పిరిట్ గుడ్డతో తుడిచేయండి, నూనె చక్రాలకి అంటుకుంటే లేఅవుట్ మొత్తం పట్టాలకి పాకుతుంది.